దొర బండి అమ్మి కొన్న బండి

మా బాపు కారు దిగి, చెప్పులు విప్పి చేత పట్టుకుని, గడీ ముందు నుంచి తల వంచుకుని నడిచిపోయేవాడు. గడీ గోడ దాటాక వేపచెట్టు కింద ఆగి చెప్పులు తొడుక్కునేవాడు. నేను బండిని ఆయన వెనకే మెల్లగా నడుపుకొచ్చి ఆపితే మళ్లీ ఎక్కి కూర్చునేవాడు. ప్రతి అంగడి రోజూ ఇదే తంతు. పోనీ అది ఏదో మామూలు కారా అంటే అదీ కాదు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, మడిస్తే వెనక్కి పోయే టాపు, సీమ నుంచి ఓడలో దిగిన పందెం బండి. దేవరకొండ తాలూకా మొత్తంలో అలాంటిది ఇంకొకటి లేదు. దాన్ని నడిపేది నేను, మగ్గం నేసే సాలోళ్ల ఇంట పుట్టినవాడిని. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు విసుగు రాదు, వినేవాళ్లకు వస్తే అది వాళ్ల సంగతి.

గడీ అంటే మా ఊరి దొర ఇల్లు. ఎత్తయిన గోడ, పెద్ద గేటు, గేటు పక్కన అరుగు, ఆ అరుగు మీద కర్ర పట్టుకున్న జవాను. దాని ముందు నుంచి ఎవరూ చెప్పులతో నడవకూడదు, ఏ బండి మీదా కూర్చుని పోకూడదు. మా ఊరి నుంచి దేవరకొండకు పోయే బాట గడీ గేటు ముందు నుంచే పోతుంది, ఇంకో బాట లేదు. మా అమ్మ కొత్త పెళ్లికూతురుగా వచ్చిన రోజు కూడా మిట్టమధ్యాహ్నం ఎద్దుల కచ్చురం దిగి, కాళ్లు కాలుతుంటే గడీ ముందు నడిచి, అవతల మళ్లీ ఎక్కిందట. ఆ ముచ్చట ఆమె నవ్వుతూనే చెప్పేది, కానీ ఎండాకాలం వచ్చినప్పుడల్లా చెప్పేది.

తర్వాత నైజాం రాజ్యం పోయింది. దొర కాలం చేశాడు, ఆయన కుటుంబం పట్నం వెళ్లిపోయింది. గడీ గేటుకు తాళం పడింది. అరుగు మీద ఆ జవాను ఒక్కడే మిగిలాడు, వాడూ బాపు ఈడువాడే, ముసలివాడైపోయాడు. ఊళ్లో కుర్రవాళ్లు సైకిళ్ల మీద గంట కొట్టుకుంటూ గడీ ముందు నుంచి పోతున్నారు. మా బాపు మాత్రం చెప్పులు విప్పడం మానలేదు. తాళంకప్పకు మర్యాద చేసే మనిషిని నేను మా బాపునొక్కడినే చూశాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అనేది. గడీ దగ్గరికి వచ్చేసరికి అది ముక్కు దాటి నెత్తికెక్కేది. ఎప్పటికైనా సరే, మా బాపును బండిలో కూర్చోబెట్టి, చెప్పులు కాళ్లకే ఉండగా గడీ దాటించాలి. పాతికేళ్ల వయసులో నేను పట్టిన పంతం అదొక్కటే.

ఆ బండి మా వాకిట్లోకి వచ్చిన తీరు కూడా చెప్పాలి. అది దొర బండే. దొర పట్నంలో కొని తెచ్చి నాలుగు రోజులు షికారు చేసి, మా బాటల గుంతలకు విసిగి వదిలేశాడు. గడీ వెనక కొట్టంలో కందికట్టె కింద ఏళ్ల తరబడి పడి ఉంది. సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. దొర కుటుంబం వెళ్లిపోతూ పాత సామాను అమ్మేస్తుంటే, వాళ్ల గుమాస్తా దగ్గర ఇనుము ధరకు కొన్నాను. అప్పటికే మా మగ్గాల మీద దిగిన చీరలను నల్గొండకు, పాలమూరుకు తిప్పి అమ్ముతూ నేను కొంచెం నిలదొక్కుకున్నాను. నల్గొండ మేస్త్రీ ఒకాయన, అందరికీ చాచా, ఆ ఇంజనును నెలల తరబడి విప్పి బిగించి చివరికి పలికించాడు.

బండి ఇంటికి వచ్చిన రోజు బాపు గుంట మగ్గంలో నుంచి లేచి వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"దొర బండిని తెచ్చి మన వాకిట్ల పెడ్తివా?" అన్నాడు.

"పైసలిచ్చి కొన్న బాపు, గుంజుకొచ్చిన్నా?"

"కొంటె మాత్రం? దొరదే గదా."

ఆ మాటను నేను చెవిన పెట్టలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆయనను బండి ఎక్కించడానికి అమ్మ పది రోజులు సతాయించాల్సి వచ్చింది. ఎక్కిన తర్వాత కూడా ఆయన సీటు అంచు మీదే కూర్చునేవాడు. వెనక్కి ఆనేవాడు కాదు. చీరల మూట వెనక పెట్టమన్నా వినకుండా ఒళ్లోనే పట్టుకునేవాడు. ఎక్కే ముందు కాళ్లు దులుపుకునేవాడు. "ఇగ గా బండికి ఊదుబత్తి ముట్టిచ్చుడొక్కటే తక్కువున్నది" అని అమ్మ ఎగతాళి చేసేది.

ఒక్క టాపు విషయంలో మాత్రం బాపు చొరవ చేశాడు. పాత టాపు ఎలుకలు కొట్టేసి చీలికలైంది, ఎండకు నా నెత్తి మాడిపోతోంది. మా ఇంట్లో మగ్గముండగా బట్ట బయట కొనడమేమిటని ఆయనే దొడ్డు నూలు పేని, మగ్గమెక్కించి టాపు బట్ట దించాడు. దించిన బట్టను చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు పక్కలా జానెడు ఎర్ర అంచు. వెనక అద్దం దగ్గర కొంగు.

"కారుకు కొంగెందుకు బాపు?" అన్నాను.

"అంచు కొంగు లేకుంటె అది గోనెసంచి అయితది, బట్ట గాదు. నా మగ్గం మీద నేను గోనెసంచి నెయ్య" అన్నాడు.

అంతటితో అయిపోలేదు. నేతవాళ్ల ఇంట్లో పడుగుకు గంజి పెట్టకుండా బట్ట దిగదు. టాపుకూ పట్టుగా ఉంటుందని ఆయన చిక్కటి గంజి పెట్టాడు. తొలకరి వాన నన్ను నల్గొండ బాటలో పట్టుకుంది. పైనుంచి గంజి కారడం మొదలైంది. నెత్తి మీద, మీసాల మీద, కొత్త చొక్కా మీద తెల్లగా చారలు కట్టింది. షాపు ముందు దిగితే చీరల సేటు నన్ను పై నుంచి కిందికి చూసి, "పెరుగన్నం తినుకుంట వచ్చినవా?" అన్నాడు. ఎండ కాసి ఆరేసరికి బట్ట గుంజుకుపోయి ముందు అద్దానికీ టాపుకూ నడుమ బెత్తెడు సందు పడింది. బాపు బట్ట ఊడదీసి, ఉడకబెట్టి గంజి వదిలించి, సందుకు సరిపడా ఇంకో పట్టీ నేసి అతికి, పైన మైనం, ఆముదం పట్టించాడు. ఆ తర్వాత చుక్క నీరు దిగలేదు. నల్గొండలో, దేవరకొండలో మా బండికి చీర కట్టిన బండి అని పేరు పడింది. నాకు మొదట్లో మంటగా ఉండేది. పోనుపోను, ఆ పేరు విని బేరాలు వెతుక్కుంటూ రావడం మొదలయ్యాక మంట పోయింది.

ఇంత బండి ఉన్నా, గడీ వస్తే బాపు "ఆపు" అనేవాడు. నేను ఆపేవాడిని.

ఒకసారి మొండికేశాను. ఆయన "ఆపు" అన్నాడు, నేను వినబడనట్టు ఎక్సలేటరు తొక్కాను. ముసలి ఇంజను. తొక్కిన వెంటనే అందుకోదు, దగ్గి దగ్గి ఆలోచించుకుని అప్పుడు కదులుతుంది. ఈలోగా బాపు తలుపు తీసి కాలు కింద పెట్టేశాడు. బాటలో బోర్లా పడ్డాడు. నేను బండి ఆపి పరుగెత్తేసరికి ఆయన లేచి, మోకాలి మీద దుమ్ము దులుపుకుని, చెప్పులు విప్పి చేత పట్టుకుని గడీ ముందు నడుస్తున్నాడు. మోకాలి నుంచి నెత్తురు కారుతోంది. జవాను అరుగు మీద నుంచి అంతా చూశాడు. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. జాలితో కాదు, కోపంతోనే.

ఇంటికొచ్చాక అమ్మ మోకాలికి పసుపు పెడుతూ నన్ను ఆడిపోసుకుంది.

"దిగనియ్యకపోతె గాయిన దుంకుతడు. దుంక సందు లేనంత జోరు బండి దొరికిననాడు నీ ముచ్చట తీరుతది. గప్పటి దాక గమ్మునుండు" అంది.

ఆమె ఎగతాళికే అంది. నా బుర్రలో మాత్రం ఆ మాట మేకులా దిగింది. నిజమే కదా. "ఆపు" అనడానికి ముందే గడీ దాటిపోయే బండి కావాలి. నల్గొండ పోయి చాచాకు సంగతంతా చెప్పాను. ఆయన పకపకా నవ్వి, గడ్డం దువ్వుకుని, "జర సబర్ పట్టు బేటా. సికింద్రాబాదుల ఒక మిల్ట్రీ సాబు బదిలీ మీద పోతాండు. ఆయినది రెండు సీట్ల బండే. తొక్కితె మనిషి సీటుకు అతుక్కపోతడు, దుంకుడు సంగతి దేవుడెరుగు" అన్నాడు.

అది కొనాలంటే ఇది అమ్మాలి. చాచా పది మంది చెవిన వేశాడు. బేరానికి ఎవరెవరో వస్తారనుకుంటే, ఒక పొద్దున మా వాకిట్లో జీపు ఆగి, అందులో నుంచి దొర కొడుకు దిగాడు. పట్నంలో చదువుకుని అక్కడే నౌకరీ చేసుకుంటున్నాడు. ప్యాంటూ చొక్కా, నల్ల కళ్లద్దాలు. మా ఇంటి వాకిలి తొక్కిన మొదటి గడీ మనిషి అతనే. బాపు భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మంచం వాల్చింది, టీ పెట్టింది. దొర కొడుకు టీ తాగుతూ బండిని చూస్తూ కూర్చున్నాడు.

"మా నాయిన బండి ఇది. చిన్నప్పుడు ఆయిన ఒళ్లె కూసోని తిరిగిన. ఎవలకో పోతె మనసొప్పుతలేదు" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు, అబద్ధం చెప్పను. బేరం అక్కడికక్కడే కుదిరింది. నేను అడిగినంతా ఇచ్చాడు.

లేచి వెళ్లబోతూ టాపు మీది ఎర్ర అంచును చేత్తో తడిమి, "ఇది గూడ మంచిగున్నది, దీంతోనే తీస్కపోత" అన్నాడు.

నేను అలాగే అనబోయాను. ఈలోగా బాపు ముందుకొచ్చాడు.

"టాపు మాది దొరా. బండి మీది" అన్నాడు.

గొంతు పెంచలేదు, తల ఎత్తలేదు. ఎవరి జవాబు కోసమూ చూడకుండా గుండీలు ఒక్కొక్కటే విప్పి, టాపు ఊడదీసి, చీర మడిచినట్టు అంచుకు అంచు కలిపి మడత పెట్టి చంకలో ఇరికించుకున్నాడు. దొర కొడుకు ఒక్క క్షణం తెల్లబోయి తర్వాత నవ్వేశాడు. జీపును డ్రైవరుకు వదిలి, నెత్తి మీద ఏమీ లేని బండి తోలుకుని ఎండలో వెళ్లిపోయాడు. దుమ్ము అణిగేదాకా బాపు వాకిట్లోనే నిలబడ్డాడు. "ఇగ నిమ్మలమైంది" అన్నాడు. ఇక ఆ బండి ఎక్కే పని లేదని సంబరపడుతున్నాడనుకుని నేను పళ్లు నూరుకున్నాను.

కొత్త బండి వచ్చిన రోజును ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు ఉప్పొంగుతుంది. ముదురు నీలం రంగు. పాతదానికన్నా పొట్టి, నేలకు ఇంకా దగ్గర. తాళం తిప్పితే చాలు, ఇంజను గుర్రుమని సిద్ధంగా ఉండేది. సికింద్రాబాదు నుంచి వస్తూ దారిలో రెండు బస్సులను, ఒక జీపును వెనకేశాను. జీపువాడు మళ్లీ నన్ను అందుకుందామని కొంత దూరం హారను కొట్టుకుంటూ వచ్చి, చేతకాక ఆగిపోయాడు. మా ఊరి పొలిమేరలో నేనే బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి ఒకసారి చూసుకున్నాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పెరిగినవాడిని. నాది అనుకోవడానికి కొంతసేపు పట్టింది.

బాపు ఈసారి దూరంగా నిలబడలేదు. దగ్గరికొచ్చి మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు.

"ఎవలది ఇది, ముందుగాల?"

"మిల్ట్రీ సాబుది."

"గాయినది మన దిక్కేనా?"

"కాదు బాపు. ఎక్కడి ఆయినో. ఇగ రాడు గూడ."

"మంచిది. ఇప్పుడు ఎవలది?"

"మనది. మగ్గాల పైసలు, పాత బండి పైసలు, రెండు గలిపి కొన్న."

ఆయన తల ఊపి లోపలికి పోయి, దాచిన టాపు తెచ్చి బండి మీద పరిచి, మూరలతో కొలుచుకున్నాడు. నేను అడగలేదు. వారంలో పాత బట్టను కొత్త కొలతకు కత్తిరించి కుట్టించి బిగించాడు. అంచు అలాగే ఉంచాడు. కొంగూ ఉంచాడు. నీలం మీద ఎర్ర అంచు బలే ఎత్తి చూపించింది, ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. నా లెక్కలు నావి. ఒక్కడినే నాలుగైదు సార్లు గడీ ముందు నుంచి దూసుకుపోయి చూసుకున్నాను. బాటలో కాలువ మీద కట్టిన మోరి ఒకటుంది, అక్కడి నుంచి గడీ దాకా తిన్నగా ఉంటుంది. మోరి మీద తొక్కడం మొదలుపెడితే గడీ గోడ రావడమూ పోవడమూ ఒక్కటే.

అంగడి రోజు వచ్చింది. బాపు తెల్లటి ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి, కిర్రు చెప్పులు వేసుకుని వచ్చాడు. చీరల మూట తనే వెనక పడేశాడు. నేను గమనించాను కానీ, అప్పుడు నా మనసంతా మోరి మీదే ఉంది. మోరి దగ్గరపడింది. గేరు మీద చెయ్యి వేశాను.

"ఆపు" అన్నాడు బాపు.

"ఇంక గడీ రాలేదు."

"ఆపుమంటె ఆపు."

ఆపాను. అంత దూరంలో ఆయన ఎన్నడూ ఆపమనలేదు. నా ఎత్తు ముందే కనిపెట్టాడనుకున్నాను. ఇంజను నా కాలి కింద గుర్రుమంటూనే ఉంది, నా పంతం మాత్రం చచ్చిపోయింది. అమ్మడం, కొనడం, సికింద్రాబాదు తిరగడం అంతా ఇందుకేనా అనిపించింది. బాపు తలుపు తీసుకుని దిగాడు. వంగి చెప్పులు విప్పుకుంటాడు, చూడలేను. ముఖం పక్కకు తిప్పుకుని చేలలోకి చూస్తూ కూర్చున్నాను.

నా నెత్తి మీద టప్ మని గుండీ ఊడిన చప్పుడైంది. ఇంకోటి. తలెత్తి చూస్తే బాపు టాపు విప్పుతున్నాడు. సాయం పడదామని లేవబోయాను. "నువ్వు కూసో" అన్నాడు. ఎర్ర అంచు పైకి కనబడేలా మడిచి వెనక సర్ది, మళ్లీ ఎక్కాడు. వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాడు. కాలు మీద కాలు వేశాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

"ఇగ పోనియ్యి. మెల్లగ" అన్నాడు.

"మెల్లగనా?"

"ఉరికితె ఎవలకు కనవడ్తంరా?"

"మరి ఇన్ని దినాలు ఎందుకు దిగినవ్ బాపు?" అని అడిగాను.

"గది దొర బండి. దొర సొమ్ముల కూసోని దొర గడీ ముందల పోతె నాకు దొంగ లెక్క అనిపిస్తుండె. తాళమున్నా సరే. ఇది మనది, దీంట్ల నాకు భయమేంది?" అన్నాడు.

నేను అన్నేళ్లూ ఆయనది భయమనుకున్నాను, జోరు ఉంటే చాలనుకున్నాను. రెండో గేరులో బండిని నడిపించాను. అంత జోరు బండిని అంత మెల్లగా నడపడం కష్టం, అది ముందుకు గుంజుతూనే ఉంటుంది. గడీ గోడ మొదలైంది. బండి చప్పుడు విని అరుగు మీది జవాను అలవాటుగా లేచి నిలబడి సలాముకు చెయ్యి ఎత్తాడు. గడీకి వచ్చే దొరల బండ్ల చప్పుడుకు ఎన్నేళ్లు అలా లేచాడో. చెయ్యి నుదుటి దాకా పోయాక, లోపల ఎవరున్నారో చూశాడు. చేతిని దించాలో ఉంచాలో తెలియక అలాగే ఉండిపోయాడు. బాపు నా మోచేతి మీద తట్టాడు. ఆపాను. గడీ గేటుకు ఎదురుగా.

"కూసో అన్నా. మా కోసం లేసుడెందుకు?" అన్నాడు బాపు.

జవాను కూర్చున్నాడు. బాపును, టాపు అంచును, నీలం బండిని చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. "నేను నేసినదే" అన్నాడు బాపు. ఆయన చెప్పింది టాపు గురించే అయినా, నాకు ఆ క్షణాన మొత్తం బండి ఆయనే నేసినట్టనిపించింది. వేపచెట్టు దాటాక ఆయన రుమాలును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, "ఇగ చూపియ్యి నీ జోరు" అన్నాడు. చూపించాను. దేవరకొండ గుట్ట ఎదురొస్తున్నట్టే కనబడింది, బాపు నవ్వుతూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చాం. వచ్చేటప్పుడు కూడా గడీ ముందు మెల్లగానే వచ్చాం. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నన్నేమీ అడగలేదు. బాపునే అడిగింది.

"దిగినవా?"

బాపు బండి దిగి, గుమ్మం ముందు చెప్పులు విడిచాడు.

"దిగిన. ఇగో, ఇక్కడ్నే" అన్నాడు.

అమ్మ ఆ చెప్పులను కాసేపు చూసింది. చెంబు బాపు చేతికిచ్చి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి, ఆయన లేచిన సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"మెల్లగ పోనియ్యి" అంది. నేను బండిని మళ్లీ గడీ వైపు తిప్పాను.